తల్లి ఎందుకు చనిపోయిందో ఊరికి తెలియాలి

జిల్లా పేజీలో ఆ వార్త ఎప్పుడూ ఒకే తీరున వస్తుంది. బాలింత మృతి. వైద్యుల నిర్లక్ష్యమే కారణమంటూ ఆసుపత్రి ముందు బంధువుల ఆందోళన. పోలీసులు వచ్చి సర్దిచెప్పారు, విచారణకు ఆదేశించామని అధికారులు అన్నారు. మర్నాటికి ఆ ఊరి పేరు పేజీలోంచి పోతుంది. విచారణలో ఏం తేలింది? ఏ గంటలో ఏం చేసి ఉంటే ఆమె బతికేది? వీటికి జవాబు అచ్చులో కనిపించడం చాలా అరుదు.

మాతృ మరణాలు తగ్గాయన్న మాట అబద్ధం కాదు. శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ ప్రకారం 2014-16లో దేశంలో లక్ష సజీవ జననాలకు 130 మంది తల్లులు చనిపోతే, 2018-20 నాటికి ఆ సంఖ్య 97కు దిగింది. అదే కాలానికి తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. దేశ సగటుతో పోలిస్తే మనం మెరుగే. కానీ కేరళలో అది 19. పైగా ఈ అంకెలు సర్వేకు ఎంపికైన ఊళ్లు, వార్డుల నుంచి కట్టిన అంచనాలు. ఏడాదిలో దొరికే మరణాలు కొన్నే కాబట్టి మూడేళ్లవి కలిపి లెక్క కడతారు. రాష్ట్రం ఎక్కడుందో అది స్థూలంగా చెబుతుంది. ఫలానా మండలంలో ఫలానా తల్లి ఎందుకు పోయిందో చెప్పదు. అది చెప్పాల్సింది మరణ సమీక్ష. దేశంలో అందుకు 2010 నుంచీ మార్గదర్శకాలున్నాయి, 2017లో వాటిని ఇంకా పకడ్బందీగా తిరగరాశారు.

కాగితం మీద ఆ ఏర్పాటు బాగానే ఉంటుంది. ఊళ్లో 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడమనిషి ఎవరు చనిపోయినా ఆశ కార్యకర్త 24 గంటల్లో కబురు చేయాలి. అది గర్భానికి సంబంధించిన మరణమేమో ఏఎన్ఎం నిర్ధారించుకోవాలి. కొద్ది వారాల్లో ఒక బృందం ఇంటికి వెళ్లి, నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, బండి ఎప్పుడొచ్చింది, ఎన్ని ఆసుపత్రులు తిరిగారు అని అన్నీ అడిగి రాసుకోవాలి. ఆసుపత్రిలో చనిపోతే ఆసుపత్రే సమీక్ష జరపాలి. ఆ పైన జిల్లా కలెక్టర్ స్థాయిలో చర్చ.

అసలు చిక్కు మన ఇళ్ల పద్ధతి దగ్గరే మొదలవుతుంది. తొలి కాన్పు పుట్టింట్లో. అమ్మాయి పేరు నమోదైంది అత్తవారి ఊరి సబ్‌సెంటర్‌లో, రక్తపరీక్షలు రాసిన కార్డు అక్కడిది. సీమంతం చేసి ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి తెస్తారు. కాన్పు దగ్గర్లోని ప్రైవేటు నర్సింగ్ హోంలో. రక్తం ఆగకపోతే 108లో జిల్లా కేంద్రానికి, అక్కడ కుదరకపోతే విశాఖకో హైదరాబాద్‌కో. దారిలో ప్రాణం పోతే ఆ మరణం ఎవరి ఖాతాలో రాయాలి? ఆమె తమ దగ్గర లేదని అత్తవారి ఊరు అంటుంది, తమ నమోదు కాదని పుట్టిల్లు అంటుంది. ప్రాణంతో ఉండగానే పంపించామని నర్సింగ్ హోం, వచ్చేసరికే పోయిందని పెద్దాసుపత్రి చెబుతాయి. అందరూ నిజమే చెబుతుంటారు, తల్లి మాత్రం లెక్కలోంచి జారిపోతుంది.

నిర్వచనం కూడా చాలామంది అనుకునేదానికంటే విశాలమైనది. గర్భంతో ఉండగా గానీ, కాన్పయ్యాక లేదా గర్భం పోయాక 42 రోజుల లోపు గానీ, గర్భం వల్లో, దాని చికిత్స వల్లో, దాని మూలంగా ముదిరిన జబ్బు వల్లో చనిపోతే అది మాతృ మరణమే. గుండెజబ్బున్న గర్భిణి మూడో నెలలో చనిపోయినా లెక్కలోకి రావాలి. గర్భస్రావానికి ఎక్కడో మందు మింగి చనిపోయిన పెళ్లికాని పిల్లను ఇంట్లోవాళ్లే కడుపునొప్పితో పోయిందని చెబుతారు. మరణ కారణం రాసే వైద్య ధ్రువపత్రంలో, చనిపోయింది స్త్రీ అయితే ఆ మరణానికి గర్భంతో సంబంధం ఉందా, కాన్పు జరిగిందా అని విడిగా ప్రశ్నలున్నాయి. ఆ గడులు ఖాళీగా వదిలి పైన ‘గుండె, ఊపిరి ఆగిపోవడం’ అని రాస్తే పని అయిపోతుంది. చావంటేనే గుండె, ఊపిరి ఆగిపోవడం. అది కారణం ఎలా అవుతుంది?

కారణం వెతకడం ఎందుకు ముఖ్యమో కాన్పు గదిలోకి వెళ్లి చూస్తే తెలుస్తుంది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి సుమారు అర లీటరు రక్తం వెళుతుంది. మాయ పడ్డాక గర్భసంచి రాయిలా బిగుసుకుంటేనే ఆ రక్తనాళాలు నొక్కుకుపోయి మూసుకుంటాయి. బిగుసుకోకపోతే రెండు గంటల్లో తల్లి ప్రాణం పోవచ్చు. మామూలు కాన్పులో పోయిన రక్తం అర లీటరు దాటితే అధిక రక్తస్రావమే. కానీ అర లీటరు దాటిందని తెలిసేదెలా? కొంత దుప్పటిలో ఇంకింది, కొంత బకెట్‌లో పడింది, కొంత ఉమ్మనీటితో కలిసింది. నర్సు కంటితో అంచనా వేస్తుంది, ఆ అంచనా దాదాపు ఎప్పుడూ తక్కువే. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రుల్లో జరిగి 2023లో వెలువడిన ఒక పరిశోధన దీనికి చాలా చవకైన ఉపాయాన్ని పరీక్షించి చూసింది. తల్లి కింద కొలతగీతలున్న ప్లాస్టిక్ షీటు పరుస్తారు, కారిన రక్తం అందులోని సంచిలో చేరుతుంది. గీత దాటగానే గర్భసంచిని మర్దన చేయడం, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, పరీక్ష అన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా మొదలుపెడతారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ముప్పులు 60 శాతం తగ్గాయి.

ఆ ఆక్సిటోసిన్ కూడా ఫ్రిజ్‌లో ఉండాల్సిన మందు. వేసవిలో కరెంటు పోయే పీహెచ్‌సీలో అది ఎన్ని గంటలు బయట ఉందో, రక్తం ఆగని ఆ రాత్రి ఆ మందు పనిచేసిందో లేదో నిజాయతీగా జరిగిన సమీక్షే బయటపెట్టగలదు.

నిజాయతీకి అడ్డుపడేది భయం. ఇది కొత్తది కాదు. స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో అలెగ్జాండర్ గోర్డన్ అనే వైద్యుడు 1795లో ఒక పుస్తకం అచ్చువేశాడు. బాలింత జ్వరం ఒకరి నుంచి ఒకరికి కాన్పు చేసేవాళ్ల చేతుల మీదుగా వెళుతోందని, ఎవరికి ఎవరు పురుడు పోశారో పేర్లతో సహా రాశాడు. తానూ చాలామందికి ఆ జ్వరం అంటించానని ఒప్పుకున్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఊరు ఆయన మీద తిరగబడింది, ఆయన ఊరు వదిలి మళ్లీ నౌకాదళంలోకి వెళ్లిపోయాడు. మన దేశంలో 2022 మార్చిలో రాజస్థాన్‌లోని దౌసా జిల్లాలో కాన్పు తర్వాత రక్తస్రావంతో ఒక తల్లి చనిపోతే, వైద్యురాలి మీద ఏకంగా హత్య కేసు పెట్టారు. ఆమె ఆత్మహత్య చేసుకుంది. వైద్యుల మీద నేర విచారణకు తీవ్రమైన నిర్లక్ష్యం కనిపించాలని, ముందుగా స్వతంత్ర వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలని సుప్రీంకోర్టు 2005లోనే జేకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. అయినా జరిగిందది. ఆ వార్త చదివిన మరో డాక్టరు తర్వాతి కేస్ షీట్‌లో ఏం రాస్తుంది? పరిస్థితి కాస్త విషమంగా కనిపించిన గర్భిణిని చేర్చుకుంటుందా, మెరుగైన వైద్యం పేరుతో బయటికి పంపేస్తుందా?

కూతురిని పోగొట్టుకున్న అమ్మానాన్నల కోపం న్యాయమైనదే. తప్పు జరిగితే శిక్ష పడాలి, దానికి వైద్య మండలి ఉంది, కోర్టు ఉంది. సమీక్ష పని వేరు, ఇంకో తల్లిని కాపాడటం. రెండింటినీ ఒకే విచారణలో కలిపేస్తే శిక్షా పడదు, పాఠమూ మిగలదు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1952 నుంచీ ఈ రెండూ విడిగానే నడుస్తున్నాయి. ఆ బాటలో కేరళ ప్రసూతి వైద్యుల సమాఖ్య 2004లో రహస్య సమీక్ష మొదలుపెట్టింది. తల్లి పేరు, ఆసుపత్రి పేరు, డాక్టరు పేరు తీసేసిన కేసు వివరాలను నిపుణులు చదువుతారు. ఎక్కడ ఆలస్యమైంది, ఏం చేసి ఉండాల్సింది అని తేల్చి, ఆ సంగతులను పుస్తకంగా వేస్తారు. రక్తస్రావం, బీపీ రెండే పెద్ద శత్రువులని ఆ కాగితాల్లోంచే స్పష్టమైంది. వాటికి నియమాలు రాసుకుని, కాన్పు గదుల్లో శిక్షణలు ఇచ్చారు. 2010-12లో 66 ఉన్న అక్కడి రేటు 2018-20లో 19కి దిగింది. ఆడపిల్లల చదువు, దగ్గర్లో ఆసుపత్రి, మంచి రోడ్లు కూడా అందులో ఉన్నాయి, ఘనతంతా సమీక్షకే కట్టబెట్టలేం. కానీ ఏం జరుగుతోందో వాళ్లకు తెలుసు.

కర్ణాటకకు ఆ అవసరం కష్టకాలంలో తెలిసొచ్చింది. 2024 చివర్లో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే బళ్లారిలో జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ అయిన ఐదుగురు బాలింతలు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. అనుమానం సెలైన్ సీసాల మీదికి వెళ్లింది. అప్పుడు ప్రభుత్వం ఆ ఏడాది ఏప్రిల్ నుంచి డిసెంబరు వరకు రాష్ట్రంలో జరిగిన 464 మాతృ మరణాలను ఆడిట్ చేయించింది. 70 శాతానికి పైగా ఆపగలిగినవేనని తేలింది, ఆ మాటను ఆరోగ్యమంత్రే బహిరంగంగా చెప్పారు. చేదు నిజమైనా చెప్పారు, అది మెచ్చుకోవాల్సిన పని.

మన రెండు రాష్ట్రాలకూ ఇలాంటి పుస్తకం కావాలి. ఇక్కడి ప్రశ్నలు ఇక్కడివే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. కోత మచ్చ మీద తర్వాతి గర్భంలో మాయ అతుక్కుపోతే ఆ కాన్పు పెద్ద రక్తస్రావంతో ముగిసే ప్రమాదముంది. అలా ఎందరు పోతున్నారు? రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులు, వాళ్లు తట్టుకోగలిగే రక్తనష్టమే తక్కువ. మన్యంలో డోలీ మోతలు ఇంకా వార్తలే. అయితే సాలూరులో గిరిశిఖర గ్రామాల గర్భిణులను నెలలు నిండకముందే తెచ్చి, కాన్పు దాకా ఉంచుకుని తిండి పెట్టే వసతి గృహం కూడా ఈ నేలదే. దూరం వల్ల పోయే ప్రాణాన్ని ఎలా ఆపాలో గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) చేసి చూపించింది. ఏ మండలంలో అలాంటి ఇల్లు ముందు కట్టాలో సమీక్ష కాగితాలే చెప్పగలవు.

కాన్పయిన ఆరు వారాల తర్వాత జరిగే చావులనూ వదలకూడదు. బ్రిటన్ నివేదికలు ఏడాది దాకా చూస్తే, ఆ రెండో దశలో ఆత్మహత్య ప్రధాన కారణాల్లో ఒకటిగా కనిపించింది. మన దగ్గర బాలింత ఉరేసుకుంటే ‘కుటుంబ కలహాలు’ అని రెండు వాక్యాల్లో ముగిస్తాం.

మార్గదర్శకాల్లో ఒక మంచి మాట ఉంది. కలెక్టర్ జరిపే సమీక్షకు చనిపోయిన తల్లి వెంట ఉన్న బంధువులను పిలవాలి, వాళ్లు చూసింది వాళ్ల నోటితోనే చెప్పించాలి. దానికి ఇంకొక్కటి జోడిస్తే చాలు. సమావేశం అయ్యాక, ఎక్కడ ఏ ఆలస్యం జరిగిందో, దాన్ని సరిచేయడానికి ఎవరు ఏ తేదీలోపు ఏం చేస్తారో తెలుగులో ఒక పేజీ రాసి ఆ బంధువుల చేతికివ్వాలి. ఏడాది చివర జిల్లాల్లోని ఆ పేజీలన్నీ పేర్లు తీసేసి రాష్ట్రస్థాయిలో పుస్తకంగా అచ్చువేయాలి.