రిపోర్టు ఫైలు సూట్‌కేసులో పెట్టారా?

వేసవి వస్తే న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు చుట్టుపక్కల, పిల్లల దగ్గరికి వచ్చిన తెలుగు తల్లిదండ్రులు సాయంత్రపు నడకలో కనిపిస్తారు. బీపీ, షుగరు మాత్రలు ఆరు నెలలకు సరిపడా లెక్కపెట్టి మరీ తెచ్చుకుంటారు. పాత స్కానింగ్ రిపోర్టులు మాత్రం ఊళ్లో బీరువాలోనే ఉండిపోతాయి. చాలామందికి దానివల్ల పెద్ద నష్టమేమీ లేదు. గుండె, కాలేయం, పేగులు అద్దంలో చూసినట్టు అటుదిటు మారి పుట్టినవారికి మాత్రం ఉంది.

వైద్యులు ‘సైటస్ ఇన్వర్సస్’ అనే ఈ అమరిక సుమారు పదివేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. దీన్ని లండన్ వైద్యుడు మాథ్యూ బెయిలీ 1788లోనే వర్ణించాడు. ఇది జబ్బు కాదు. వేరే లోపాలు లేకపోతే హాయిగా బతికేయొచ్చు. ఇయాన్ ఫ్లెమింగ్ నవలలో డాక్టర్ నో తూటా దెబ్బ తిని కూడా బతికింది గుండె కుడివైపు ఉండబట్టే! నిజజీవితంలో మాత్రం ఇది డాక్టర్లను తికమకపెట్టడమే ఎక్కువ.

పిత్తాశయంలో రాళ్లుంటే నొప్పి ఎడమ పక్కటెముకల కింద వస్తుంది. అపెండిక్స్ వాస్తే ఎడమ పొత్తికడుపులో. పెద్దవయసువారు అక్కడ నొప్పి అంటే అమెరికా ఎమర్జెన్సీలో ముందుగా పెద్దపేగు వాపునే అనుమానిస్తారు. కొందరికి నొప్పి కడుపు మధ్యలోనే ఉంటుంది, అరుదుగా కుడివైపే రావచ్చు కూడా. ఈసీజీ చూస్తే చేతుల వైర్లు తారుమారు చేశారేమో అనిపిస్తుంది. సీటీ స్కాన్‌తో విషయం తేలిపోతుంది, నిజమే. అయితే అంతదాకా గడిచే గంటలు రోగివి.

ఆపరేషన్ బల్ల దగ్గర అసలు కష్టం మొదలవుతుంది. పిత్తాశయం తీసే లాపరోస్కోపీలో మామూలుగా సర్జన్ రోగికి ఎడమవైపు నిలబడి, ఎడమచేత్తో పిత్తాశయం మెడను పట్టి లాగుతూ, కుడిచేత్తో నాళాన్ని విడదీస్తాడు. అవయవాలు మారితే సర్జన్, మానిటర్, పొట్టపై పెట్టే రంధ్రాలు, అన్నీ అటువైపుకు మారాలి. అప్పుడు విడదీసే పని ఎడమచేతికి వస్తుంది. కుడిచేతివాటం సర్జన్లు కొందరు చేతులు అడ్డంగా దాటించి పనిచేస్తారు, కొందరు పట్టి లాగే పని సహాయకుడికి అప్పగిస్తారు, ఇంకొందరు రోగి కాళ్ల మధ్య నిలబడతారు. ఎడమచేతివాటం ఉన్నవారికి ఇక్కడ కాస్త సుఖం! ఎలా చేసినా, కత్తిరించేముందు పిత్తాశయంలోకి వెళ్తున్నవి ఒక నాళం, ఒక ధమని మాత్రమేనని రూఢి చేసుకోవాలి. ప్రధాన పిత్తనాళం తెగితే రోగి ఏళ్ల తరబడి అనుభవిస్తాడు.

అయినా ఇది అసాధ్యమేమీ కాదు. జర్మనీలో ఎరిక్ మ్యూహె తొలి లాపరోస్కోపిక్ పిత్తాశయ శస్త్రచికిత్స చేసింది 1985లో. 1991కల్లా కాంపోస్, సైప్స్ అనే వైద్యులు ఇలాంటి రోగికి కూడా చేసి పత్రం ప్రచురించారు. అప్పటినుంచి ఎన్నో ఆసుపత్రులు చేశాయి. మన పత్రికల్లోనూ ‘అరుదైన శస్త్రచికిత్స’ అని సర్జన్ ఫొటోతో వార్తలు వస్తుంటాయి. ఆ నైపుణ్యం మెచ్చుకోదగ్గదే. ఇంటికెళ్లే రోగి చేతిలో ఏ కాగితం పెట్టారన్న సంగతి మాత్రం ఆ వార్తల్లో కనిపించదు.

ఆరెగాన్ రాష్ట్రంలో 99 ఏళ్లు బతికి 2017లో చనిపోయిన మహిళ ఉదంతం ఇందుకు సాక్ష్యం. గుండె ఎడమవైపే ఉన్నా, ఆమె పొట్టలోని అవయవాలు తారుమారుగా ఉన్నాయని తేల్చింది, దేహదానం తర్వాత కోసి చూసిన వైద్య విద్యార్థులు. బతికుండగా మూడు అవయవాలు తీశారు. అపెండిక్స్ తీసిన సర్జన్ ఒక్కరే తేడాను నమోదు చేశారు. ఆమెకూ కుటుంబానికీ సంగతే తెలియదు.

కాబట్టి స్కానింగ్‌లో ఈ అమరిక బయటపడితే, డిశ్చార్జి కాగితంలో మొదటి వరుసలోనే అది ఉండాలి, ఎక్కడో నాలుగో పేజీలో కాదు. ‘మీకేం కాదులెండి’ అన్న భరోసాతో సరిపెట్టకూడదు. తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులు ఇంగ్లిషులో ఒక చిన్న కార్డు రాసివ్వడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఫోను లాక్ తీయకుండానే కనిపించే మెడికల్ ఐడీలో పిల్లలు ఆ వివరం నింపితే మరీ మంచిది. 1986 నాటి చట్టం ప్రకారం, మెడికేర్ సొమ్ము తీసుకునే అమెరికా ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలు డబ్బు సంగతి తేలకపోయినా రోగిని పరీక్షించాల్సిందే. ఇంగ్లిషు రానివారికి ఉచితంగా దుభాషిని కూడా అడగవచ్చు. కొడుకూ కోడలూ ఆఫీసులో ఉన్నప్పుడు అంబులెన్సు ఎక్కాల్సివస్తే, ‘నాకు కాలేయం ఎడమవైపు ఉంది’ అన్నమాట ఆ దుభాషికి ముందుగా చెప్పాలి.