నమ్మకుండానే బైబిల్ చదువుతాం

మేము దేవుణ్ణి నమ్మం. అయినా మా అలమరలో మహాభారతం, ఇలియడ్‌ల వరసలోనే బైబిల్ ఉంటుంది. ఉండటమే కాదు, చదువుతాం. తప్పులు ఏరడానికే తెరిచేవాళ్లకూ, మొక్కడానికే తెరిచేవాళ్లకూ అందులోని కథ చెవికెక్కదని మా అభిప్రాయం.

దావీదు సంగతే చూడండి. మేడమీద నుంచి బత్షెబను చూసి రాజు పిలిపించుకుంటాడు. ఆమె గర్భవతి అవుతుంది. భర్త ఊరియాను యుద్ధంలో ముందు నిలబెట్టి చావనివ్వమని సేనానికి ఉత్తరం రాసి, దాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపుతాడు. ఊరియాకు ఏమైనా అనుమానం వచ్చిందా? కథకుడు ఒక్క ముక్క చెప్పడు. ఆ మౌనం దగ్గర మేము చాలాసేపు ఆగుతాం. తరవాత ప్రవక్త నాతాను వచ్చి, పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనికుడి కథ చెబుతాడు. వాడు చావాల్సినవాడేనని రాజు మండిపడతాడు. ఆ మనిషివి నువ్వేనంటాడు నాతాను. తమ గొప్ప రాజు చేసిన నేరాన్ని తమ పవిత్ర గ్రంథంలోనే దాచకుండా రాసుకున్నవాళ్ల ధైర్యాన్ని గౌరవించడానికి విశ్వాసం అక్కర్లేదు.

యోబు మాకు మరీ దగ్గరివాడు. తప్పు చేయని తనకు ఈ బాధ ఎందుకని దేవుణ్ణే నిలదీస్తాడు. దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడతాడు గానీ ఆ ప్రశ్నకు జవాబివ్వడు. పైగా తనను వెనకేసుకొచ్చిన యోబు స్నేహితుల మీదే కోపగిస్తాడు. ఇంతకన్నా సాహసమైన ముగింపు మేము ఎక్కువ చూడలేదు. పరమగీతాన్ని ప్రేమ కవిత్వంగానే చదువుతాం. ఎస్తేరు గ్రంథం హీబ్రూ మూలంలో దేవుడి పేరే రాదు.

మెచ్చుకున్నంత మాత్రాన దేన్నీ మాఫీ చేయం. యెరికోలో ఆడా మగా, పిల్లా ముసలీ అందరినీ నరికిన ఘట్టాన్ని దాటేయం. న్యాయాధిపతుల గ్రంథంలో, బయట కాచుకున్న గుంపుకు లేవీయుడు అప్పగించిన స్త్రీకి పేరు కూడా ఇవ్వలేదు. అక్కడా ఆగుతాం. అలాంటి చోట పురాణాలను ఎలా ప్రశ్నిస్తామో దీన్నీ అలాగే ప్రశ్నిస్తాం.

తెలుగువాళ్లకు ఇది పరాయి పుస్తకం కాదు. 19వ శతాబ్దం మొదట్లోనే విశాఖపట్నంలో మిషనరీ దె గ్రాంజ్, ఆనందరాయరు కలిసి సువార్తలను తెలుగు చేశారు. జాషువాకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చింది ‘క్రీస్తు చరిత్ర’. మన వచనం ఎలా ఎదిగిందో చెప్పేటప్పుడు బైబిల్ అనువాదాలను పక్కన పెట్టేయడం అన్యాయం. సాహిత్య పాఠ్యాంశాల్లో వాటికి చోటివ్వాలని కోరుతున్నాం.

వాక్యాన్ని విడదీసి వాదానికి వాడుకోం. ఏ కథనైనా మొదటి నుంచి చివరిదాకా చదివాకే మాట్లాడతాం. విశ్వాసులు మాతో కూర్చోవచ్చు. వాళ్ల భక్తిని వెక్కిరించం, మా అవిశ్వాసాన్ని దాచుకోం.

మాతో చేరాలనుకునేవాళ్లు సమూయేలు రెండో గ్రంథంలో 11, 12 అధ్యాయాలు చదివి రండి.