గొప్పవారెవరు?

బడినుండి వచ్చిన బిడ్డ పుస్తకముల నొక మూలనుంచి, “అమ్మా! రాజులందఱిలో నెవరు గొప్ప?” అని యడుగుట మన కందఱకు ననుభవమే. తల్లి చేతిపని మానకయే యొక పేరు చెప్పును. బిడ్డ వేఱొక పేరు చెప్పును. అన్న మూడవ పేరుతో వచ్చును. వడ్డించిన యన్నము చల్లారువఱకు వాదము సాగును. అట్టి వాదము నొకదానిని ఈ మాసము మీ ముందుంచ దలచితిమి. అది మన రాజులను గుఱించినది కాదు. పసిఫిక్ మహాసముద్రము నడుమ, అమెరికా పశ్చిమతీరమునకు సుమారు 3,800 కిలోమీటర్ల దూరముననున్న హవాయి దీవులను గుఱించినది. “మన చరిత్రలో నెల్లరకంటె గొప్పవారెవరు?” అను ప్రశ్న అచటి తరగతిలో పుట్టినచో, నలుగురు విద్యార్థులు నాలుగు పక్షములు పట్టి యెట్లు వాదింతురో ఊహించి చూతము.

మొదటి బాలుడు తడవుకొనక కమేహమేహ రాజు పేరు చెప్పును. ఒకరితో నొకరు పోరాడుచున్న దీవులను ఏకచ్ఛత్రము క్రిందికి దెచ్చినవాడు ఆయనయే. 1795లో ఓవాహు దీవిలోని నూవానూ కనుమవద్ద జయము పొందెను. 1810లో కవాయి దీవి రాజు యుద్ధము లేకయే లోబడెను. నేటికిని జూన్ 11వ తేదీ ఆయన పేర పండుగదినము. హోనలూలు నగరములోని ఆయన విగ్రహమునకు ఆ పండుగ సందర్భమున నిడుపాటి పూలదండలు వేయుదురు.

“ఫిరంగులును, తుపాకులును, వానిని ప్రయోగించు విదేశీయులును తోడుండగా గెలుచుట యేమి గొప్ప? ఆ కనుమనుండి లోయలోబడి చచ్చినవారి తల్లులు ఆయనను గొప్పవాడందురా?” అని వేఱొకరు అడ్డుచెప్పుదురు. అప్పుడు బాలుడు తెడ్డు కథ నెత్తుకొనును. కమేహమేహ యౌవనమున నొకనాడు తీరముననున్న బీదజాలరులను తఱిమెనట. ఆయన కాలు రాతిబీటలో చిక్కుకొనగా, ఒక జాలరి తన తెడ్డుతో నాయన తలపై మోదెను, తెడ్డు ముక్కలయ్యెను. కొంతకాలమునకు ఆ జాలరులను రాజు ఎదుటకు దెచ్చిరి. రాజు వారిని దండింపక, తప్పు తనదేయని యొప్పుకొని విడిచిపెట్టెను. వృద్ధులును, స్త్రీలును, పిల్లలును దారిప్రక్కన నిర్భయముగా పరుండవచ్చునని 1797లో శాసనము చేసెను. ముక్కలైన తెడ్డు శాసనమను పేరుగల యీ ధర్మమును 1978లో ఆ రాష్ట్రపు రాజ్యాంగములో సైతము చేర్చిరి.

రెండవ విద్యార్థిని కడపటి రాణియైన లిలియువోకలాని పక్షము వహించును. ఆమె 1891లో సింహాసన మెక్కెను. 1893 జనవరి 17వ తేదీన, అచటి అమెరికా వర్తకులును చెఱకుతోటల స్వాములును మొదలగువారు, ఓడనుండి దిగిన అమెరికా సైనికుల యండ చూచుకొని, ఆమెను పదవీచ్యుతురాలిని జేసిరి. రక్తపాతము కారాదని యామె నిరసన తెలుపుచునే అధికారమును విడిచెను. 1895లో నామెను తన రాజభవనములోనే యొక గదిలో బంధించిరి. ఆ నెలలలో నామె పాటలు వ్రాసెను. పట్టుగుడ్డ ముక్కలు కూర్చి తోడివారితో బొంత కుట్టెను. ఆ బొంత నేటికిని ఆ భవనములోనే కలదు. సూదియు దారమును చేతనుండగా చెఱసాల సైతము మనస్సును చెఱపట్టజాలదని మన సోదరీమణులకు మేము వేఱుగ జెప్పవలయునా?

“ఆమె రాజ్యమును నిలుపుకొనలేదు గదా!” యని ప్రతిపక్షము. నిజమే. 1897లో, తమ దేశమును అమెరికాలో కలుపరాదని 21,000 మందికి పైగా హవాయి స్త్రీపురుషులు చేవ్రాలుచేసి విన్నపము పంపినను, 1898లో అమెరికా ఆ దీవులను కలుపుకొనెను. చేసిన పనికి క్షమాపణ చెప్పుకొనుచు అమెరికా శాసనసభ తీర్మానము చేసినది 1993లో. అనగా సరిగా నూఱేండ్లకు. రాణి 1917లోనే కన్నుమూసెను.

మూడవవాడు రాజకుమారి పౌవాహిని పేర్కొనును. ఈమె కమేహమేహ మునిమనుమరాలు. 1872లో మరణశయ్యపైనున్న రాజు సింహాసనము నీయబోగా వలదనెను. 1884లో నామె మరణించినపుడు, సంతానము లేని యా యిల్లాలు తన విశాలమైన భూములను బాలబాలికల చదువునకై మరణశాసనము వ్రాసి యుంచెను. 1887లో బాలుర పాఠశాలయు, 1894లో బాలికల పాఠశాలయు వెలసెను. తరగతిలో నీ వాదమునకు బదులుచెప్పుట కష్టమే.

ఇక నాలుగవ బాలిక లేచును. ఆమె చెప్పునది యుద్ధముల కథ కాదు, వంటయింటి కథ. పూర్వము హవాయిలో ‘కపు’ అను నిషేధనియమము లుండెను. స్త్రీపురుషులు కలిసి భుజింపరాదు. వారి కిద్దఱకును వేర్వేఱు పొయ్యిగుంటలు త్రవ్వి పురుషులే వంటచేయుచుండిరి. పందిమాంసమును, అరటిపండును, కొబ్బరికాయను, కొన్ని జాతుల చేపలను స్త్రీ ముట్టరాదు. నియమము మీఱినచో మరణదండన సైతము కలుగవచ్చును. చెట్టు తన పెరటిలోనున్నను పండు తనది కాదు!

1819 మే నెలలో కమేహమేహ మరణించెను. ఆయన ప్రియభార్య కాహుమాను, క్రొత్తరాజైన లిహోలిహోతోపాటు తానును రాజ్యభారము వహించుటకు నిశ్చయించెను. లిహోలిహో కన్నతల్లి కేయోపువోలాని. ఈ తల్లి తన చిన్నకుమారుని దగ్గఱకు బిలిచి, వానితో కలిసి భుజించెను. పెద్దకుమారుడు కొన్ని నెలలు సందేహించెను. తుదకు నవంబరు నెలలో, కైలువాలో జరిగిన విందునందు, రాజు లేచి స్త్రీల పంక్తిలో కూర్చుండి భుజించెను. అంతటితో నా నియమములు కూలెను.

ఇందులకును బదులు లేకపోలేదు. పాతధర్మమును కాపాడవలెనని రాజబంధువైన కెకువావోకలాని కత్తిపట్టెను. 1819 డిసెంబరులో కువామో యుద్ధభూమిలో నాతడు కూలెను. అతని ప్రక్కనే పోరాడుచు భార్య మనోనోయు ప్రాణములు విడిచెను. ఆమెయు స్త్రీయే, తన పెద్దల ఆచారమునకై చచ్చినది. ఆమె త్యాగమును తక్కువసేయ మాకు మనసొప్పదు. కాహుమాను చదువును ప్రోత్సహించినది, తానును చదువ నేర్చినది. కాని 1830లో బహిరంగముగా హులా నృత్యము చేయరాదని శాసించినదియు నామెయే. ఒక సంకెల ద్రెంచిన చేయి వేఱొక సంకెలను వేసెను.

సోదరీమణులారా! తీర్పు చెప్పుమని మమ్ము నడిగినచో, మా యోటు కేయోపువోలానికి. కారణము చెప్పెదము. ఈ నియమములవలన సామాన్యస్త్రీకి కలిగినది కీడు. కేయోపువోలానికో, వానివలననే మహోన్నతమైన గౌరవము. దీవులన్నిటిలో నామె వంశమంత పవిత్రమైన వంశము లేదు. ఆమె యెదుట జనులు నేలపై సాగిలపడవలసినదే. భర్తయైన కమేహమేహ సైతము ఆమె జన్మగౌరవమును పాటించెను. కపు పోయినచో నందఱికంటె నెక్కువ కోల్పోవునది తానేయని యామె యెఱుగును. ఎఱిగియు బిడ్డతో కూర్చుండి యొక ముద్ద తినెను. తనకు సుఖమీయని కట్టు త్రెంచుకొనుట సహజము. తనకు సింహాసనమైన కట్టును పరులకొఱకు వదలుట గొప్ప.

ఈ కొలతతో చూచినచో మిగిలినవారి గొప్పతనమును తేటపడును. కమేహమేహను కొనియాడవలసినది నూవానూ జయమునకన్న జాలరిని దండింపక విడిచినందులకు. లిలియువోకలాని తన ప్రజల ప్రాణములకై అధికారమును విడిచెను. పౌవాహి సింహాసనమును కాదనెను, భూములను బిడ్డల కిచ్చెను. కూడబెట్టినవారి పేరు కోటగోడలపై నుండవచ్చును. విడిచినవారి పేరు బిడ్డల కంచములలోను, పలకలపైనను ఉండును.

పురుషులు భుజించిన పిదప మిగిలినది తినుట మన యిండ్లలోను చిరకాలపు వాడుక. ఆ వాడుకవలన నింటిలో పెద్దఱికము పొందునది అత్తగారైనచో, దానిని మొదట మార్పదగినదియు నామెయే. కోడలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని యామె భుజించిన దినమున మరియొకరి తీర్పుతో పనిలేదు.

కావున మీ బిడ్డ రేపు వచ్చి “ఎవరు గొప్ప?” అని యడిగినచో వెంటనే పేరు చెప్పకుడు. “వారేమి విడిచిరి? ఎవరికొఱకు విడిచిరి?” అని యెదురు ప్రశ్న వేయుడు. బిడ్డ తానే వెదకికొనును. అన్నము మాత్రము చల్లారనీయకుడు. అందఱును కలిసి కూర్చుండి తినుచునే వాదింపవచ్చును.