హుస్సేన్ సాగర్ గట్టు నుంచి జవహర్‌నగర్ గుట్ట వరకు

హైదరాబాద్ నగరానికి వెలుగు నిచ్చేందుకు నిజాం పాలనలో, 1920లో, హుస్సేన్ సాగర్ ఒడ్డునే బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పారు. దాని సామర్థ్యం 22.5 మెగావాట్లు. నీరు చెరువుదే, పొగ కూడా నగరానిదే. గత శతాబ్దపు చివరి దశకంలో ఆ కట్టడాన్ని తొలగించారు. ఆ పరిసరాల్లో నేడు ఉద్యానవనం, సినిమా శాల ఉన్నాయి.

దాదాపు అంతే సామర్థ్యం గల మరొక కేంద్రం ఇప్పుడు నగరం ఈశాన్య శివారులో, జవహర్‌నగర్‌లో పనిచేస్తున్నది. 2020లో 19.8 మెగావాట్లతో మొదలై, తరువాత 24 మెగావాట్లకు విస్తరించింది. దీని ఇంధనం బొగ్గు కాదు, నగరవాసులు ప్రతి ఉదయం గుమ్మం ముందు పెట్టే చెత్త. కేంద్ర ప్రభుత్వ లెక్కల్లో ఇది పునరుత్పాదక విద్యుత్తే. దుండిగల్‌లోనూ ఇటువంటి కేంద్రమే వచ్చింది. రెండూ శివారు పట్టణాలే కావడం గమనార్హం.

పూర్తి సామర్థ్యంతో రోజంతా నడిస్తే 24 మెగావాట్ల కేంద్రం సుమారు 5 లక్షల 76 వేల యూనిట్లు ఇవ్వగలదు. కానీ ఏ మేరకు నడుస్తుందన్నది బాయిలరు కంటే ముందు వంటింట్లో నిర్ణయమవుతుంది. మన చెత్తలో కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం వంటి తడి పదార్థాలే అధికం. తడి చెత్తను మండించాలంటే ముందు దానిలోని నీటిని ఆవిరి చేయాలి, వేడిలో కొంత భాగం అందుకే ఖర్చవుతుంది. ఢిల్లీ ఈ పాఠాన్ని ఎప్పుడో నేర్చుకోవలసింది. డెన్మార్క్ సహకారంతో తిమార్‌పూర్‌లో 1987లో నిర్మించిన కేంద్రం, అక్కడి చెత్తకు మండే గుణం చాలక కొద్ది రోజులకే ఆగిపోయింది. 2012 నుంచి నడుస్తున్న ఓఖ్లా కేంద్రంపై చుట్టుపక్కల కాలనీల వారు పొగ, బూడిద గురించి న్యాయస్థానాలను ఆశ్రయించారు.

జవహర్‌నగర్ ఫిర్యాదు ఇంకా పాతది. విద్యుత్ కేంద్రం రాకముందే అక్కడ చెత్త గుట్టలుగా పేరుకున్నది. ఆ గుట్టలపై మట్టి కప్పినా, వాటి నుంచి ఊరిన మురుగు ద్రవం మల్కారం చెరువును పాడుచేసింది. దుర్వాసన, బోరునీటి కాలుష్యం గురించి స్థానికులు ఏళ్ల తరబడి మొర పెట్టుకుంటున్నారు.

ఇక్కడే పాలనాపరమైన చిక్కు ఒకటున్నది. 2007లో 12 పురపాలక సంఘాలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థను ఏర్పరచినప్పుడు జవహర్‌నగర్ అందులో లేదు. గ్రామ పంచాయతీగా ఉండి, 2019లో ప్రత్యేక నగరపాలక సంస్థ అయింది. అంటే, తమ ఊరికి చెత్త పంపే సంస్థను ఎన్నుకునే ఓటు అక్కడి వారికి ఏనాడూ లేదు. జవహర్‌నగర్, దుండిగల్ సహా 27 శివారు పట్టణాలను గ్రేటర్‌లో విలీనం చేయాలని 2025 నవంబరులో తెలంగాణ మంత్రివర్గం తీసుకున్న నిర్ణయాన్ని ఈ దృష్టితో కూడా చూడాలి. మహానగరాన్ని మళ్లీ భాగాలుగా విడదీస్తే ఆ పాత చిక్కే తిరిగి వస్తుంది. అటువంటప్పుడు చెత్త పంపే భాగం, స్వీకరించే భాగానికి ఏమి చెల్లించాలో ముందే రాసుకోవడం అవసరం.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో మిగిలిన సరుకు నుంచి గ్యాస్ తీసి, రోజుకు సుమారు 500 యూనిట్ల విద్యుత్ ఉత్పత్తి చేస్తున్న తీరును ప్రధానమంత్రి 2021 జనవరి ‘మన్ కీ బాత్’లో ప్రస్తావించారు. పరిమాణం చిన్నదే. అయితే పుట్టిన చోటే తడి చెత్త ఖర్చవుతుంది, జవహర్‌నగర్ దాకా లారీ వెళ్లనక్కరలేదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ బాటపై పరచిన 16 మెగావాట్ల సౌరఫలకాలు మరొక ఉదాహరణ. అది ఐటీ సంస్థలున్న పడమటి దిక్కున వచ్చింది.

ఇళ్ల పైకప్పుల సంగతి వేరు. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల సౌర ఏర్పాటుకు 78 వేల రూపాయల రాయితీ లభిస్తుంది. కానీ నిజాంపేట వంటి చోట్ల అధికులు అపార్టుమెంట్లలో ఉంటారు, మేడ అందరిదీ. అటువంటి నివాస సంఘాలకు ఉమ్మడి అవసరాల నిమిత్తం కిలోవాటుకు 18 వేల రూపాయలు ఇచ్చే వెసులుబాటు ఆ పథకంలోనే ఉన్నది. లిఫ్టు, నీటి మోటారు ఖర్చు దానితో తగ్గుతుందని సంఘాల వారికి నచ్చజెప్పే పని వార్డు కార్యాలయాలది. అదే కార్యాలయాలు తడి, పొడి చెత్తను వేరుచేయించే బాధ్యతను కూడా మోయాలి. జవహర్‌నగర్ బాయిలరులోకి ఏమి వెళుతుందో తేలేది అక్కడే.