అడిగితే తప్పేమున్నది?

ఈ నెల మేము మన ఇళ్ళు కట్టేవారిని గురించి వ్రాయదలచాము. సంగతి కొంచెం బరువైనదే. అయినా ఇంటిల్లిపాదీ వినదగినది గనుక, రాత్రి భోజనాలయిన తరువాత ఒకరు చదువుతూ వుంటే తక్కినవారు వినవలసిందిగా మనవి.

హోసూరు ఎట్లా పెరిగిందో మన పెద్దలకు తెలుసు. 1970 తరువాత సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చింది. అశోక్ లేలాండ్, టీవీఎస్ వంటి ఫ్యాక్టరీలు వెలిశాయి. వాటి వెంట కాలనీలు, మేడలు లేచాయి. 2019లో ఊరు కార్పొరేషన్ కూడా అయింది. ఈ మేడలు కట్టినవారెవరు? కుప్పం, పలమనేరు, మదనపల్లె వైపునుంచి వచ్చిన మనవారు కొందరు, వేప్పనపల్లి, బేరికై పల్లెలలోని తెలుగువారు కొందరు, చుట్టుపక్కల జిల్లాల తమిళులు కొందరు. ఇప్పుడు బీహారు, ఒడిశాలనుంచి కూడా వస్తున్నారు. మనవారు బేల్దారి పని అంటారు, తమిళులు కొత్తనారు పని అంటారు. పేరేదైనా ఎండ ఒకటే, పరంజా ఒకటే.

ఇక మా ఇంట జరిగిన ముచ్చట. ఆమధ్య మేము మిద్దెమీద ఒక గది వేయించాము. కుప్పం వైపునుంచి వచ్చిన బేల్దారి ఒకాయన పని చేసేవాడు. చేయి మంచిది, మాట తక్కువ. ఒక శనివారం సాయంకాలం కూలి తీసుకుని, తన తాపీ, గోడ తిన్నగా వున్నదో లేదో చూసే గుండూ కూడా సున్నం కలిపే కుర్రవాని చేతిలో పెట్టి, "ఇవి నీవే వుంచుకో నాయనా, ఇక నాకెందుకు?" అన్నాడు. మా ఇంటి ఇల్లాలు ఆ మాట విని లోపలికి వచ్చి, "అదేమిటండీ, పనివాడు పనిముట్టు ఇచ్చివేస్తాడా?" అన్నది. మేము పత్రిక మీదనుంచి తల ఎత్తకుండానే, "కొత్తవి కొనుక్కుంటాడులే" అన్నాము.

మేస్త్రి ముసలాయన మా వలె అనుకోలేదు. పని ముగిసినా ఇంటికి పోక, అతని ప్రక్కన ఇసుక కుప్ప మీద కూర్చున్నాడు. కాసేపు పిల్లల సంగతి అడిగి, తరువాత నెమ్మదిగా, తిన్నగా అడిగాడు: "ఒరే అబ్బాయి, చచ్చిపోవాలని గాని అనుకుంటున్నావా?" మేము గుమ్మంలో నిలబడి ఉలిక్కిపడ్డాము. ఆ మాట నోటితో అనవచ్చునా అనుకున్నాము. అతడు మాత్రం కోపగించలేదు. ముఖం చేతులలో పెట్టుకుని ఏడ్చాడు. నడుము దెబ్బ తగిలి రెండు నెలలు పని లేకపోవడం, బయానా తీర్చలేకపోవడం, కూతురి పెళ్ళికి చేసిన అప్పు, అన్నీ అప్పుడు బయటికి వచ్చాయి. మేస్త్రి ఆ రాత్రి అతన్ని ఒంటరిగా వదలలేదు. బావమరిదికి ఫోను చేయించి, తెల్లవారగానే ఇద్దరూ కలిసి ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయారు. మందులు వాడాడు, కొన్నాళ్ళు ఊళ్ళో వున్నాడు. మా గది పూత పనికి మళ్ళీ అతడే వచ్చాడు. కుర్రవాడు తాపీ తిరిగి ఇచ్చివేశాడు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 2021లో మన దేశంలో ఆత్మహత్యవల్ల పోయినవారు 1,64,033 మంది అని ప్రభుత్వపు లెక్క. అందులో 42,004 మంది దినకూలీలు. అంటే నలుగురిలో ఒకరు. ఆ లెక్కలో కట్టడపు పనివారిని వేరుగా చూపలేదు గాని, దినకూలి మీద బ్రతికేవారిలో వారెందరో మనం చూస్తూనే వున్నాము. వాన పడితే పని లేదు, పని లేకపోతే కూలి లేదు. ఇల్లు దూరం. ఒళ్ళు నొప్పులకని మొదలైన తాగుడు అప్పుకూ, తగవులకూ దారి తీస్తుంది. పైగా, మగవాడు ఏడవకూడదని చిన్ననాటినుంచీ మనమే నేర్పాము.

అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయం. మా భయమూ అదే. కాని ఈ విషయం పరిశోధించిన వైద్యులు అట్లా జరగదని చెబుతున్నారు. నెమ్మదిగా, ప్రేమతో, తిన్నగా అడిగితే ఎదుటివాని బరువు కొంత దిగుతుంది. కనుక గుర్తులు చూడవలెను. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకపోతే మీకు సుఖం" అనడం, నిద్ర, తిండి మానడం, తాగుడు హఠాత్తుగా పెరగడం, అందరికీ దూరంగా వుండడం. ఇవి కనబడితే అడగండి. అడిగిన తరువాత వినండి. "పిరికివాడివా?" అనవద్దు, నీతులు చెప్పవద్దు. హాని చేయగల వస్తువులు అందుబాటులో లేకుండా చూడండి. ఒంటరిగా వదలకండి.

ఆ తరువాత సహాయం వున్నది. 14416 అనే నెంబరుకు ఏ ఫోనునుంచైనా, ఏ వేళనైనా, ఖర్చు లేకుండా మాట్లాడవచ్చును. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అనే ఏర్పాటు ఇది. తెలుగు, తమిళంతో సహా అనేక భాషలలో సమాధానమిస్తారు. ప్రాణాపాయమైతే 108కి చెప్పవలెను. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ మనకు సుమారు 40 కిలోమీటర్లలో, హోసూరు రోడ్డు మీదనే వున్నది. క్రిష్ణగిరిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ప్రారంభమయింది.

పోలీసు కేసు అవుతుందని దాచేవారున్నారు. పూర్వం అటువంటి సెక్షను వుండేది. 2017లో చేసి 2018 మే నెలలో అమలుకు వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం, అటువంటి ప్రయత్నం చేసినవాడు తీవ్రమైన వేదనలో వున్నాడని భావించవలెననీ, శిక్షించరాదనీ, ప్రభుత్వమే వైద్యం చూడవలెననీ చెప్పింది. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షనే లేదు. కనుక భయపడి దాచవద్దు.

అప్పు బాధ మాటలతో పోదు గదా అంటారేమో. నిజమే. తమిళనాట కట్టడపు పనివారికి 1994లోనే ఒక సంక్షేమ బోర్డు ఏర్పడింది. పేరు నమోదు చేసుకున్నవారి పిల్లల చదువుకు, పెళ్ళికి, ప్రసవానికి, ప్రమాదానికి సహాయం వుంది. 60 ఏళ్ళు దాటితే పింఛను వుంది. మీ ఇంట పనిచేసేవారిని "కార్డు వున్నదా?" అని అడగండి. లేకపోతే కార్మికశాఖ కార్యాలయంలో విచారించి చెప్పండి. వ్రాయడం చదవడం రానివారికి మన పిల్లలు దరఖాస్తు నింపిపెడితే అదీ పుణ్యమే.

ఆస్ట్రేలియాలో 2008లో క్వీన్స్‌లాండు రాష్ట్రంలో కట్టడపు పనివారికోసమే మేట్స్ అనే సంస్థ మొదలుపెట్టారు. వారు పనిచోటనే కొందరు పనివారికి తోటివాని కష్టం కనిపెట్టడం, అడగడం, వైద్యుని దగ్గరకు చేర్చడం నేర్పుతారు. మా మేస్త్రి ఏ సంస్థలోనూ నేర్వకుండా చేసినది అదే. ఆయన వంటివారు నలుగురుంటే ఆ విద్య మన మేస్త్రీలకందరికీ నేర్పవచ్చును. మన సంఘంవారు ఈ ఏడు ఒక ఆదివారం అందుకు కేటాయిస్తే బాగుండునని మా కోరిక.

చివరగా, ఇంటి యజమానులకు ఒక మాట. శనివారం కూలి శనివారమే ఇవ్వండి. "చిల్లర లేదు, సోమవారం చూద్దాం" అనే మాట మనకు చిన్నది, ఊరికి డబ్బు పంపవలసినవానికి పెద్దది. మధ్యాహ్నం ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి, ఇంటి దగ్గర అందరూ కులాసాయేనా అని అడగండి. సమాధానం వచ్చేదాకా అక్కడే నిలబడండి.

ఆ రోజు మేము పత్రిక మీదనుంచి తల ఎత్తలేదు. ఇల్లాలి చెవి, మేస్త్రి నోరు ఆ ఇంటికి మేలు చేశాయి. ఇప్పుడు శనివారం సాయంకాలం పత్రిక మడిచి పెట్టి బయట కూర్చుంటున్నాము.

మీ అనుభవాలు వ్రాసి పంపండి. పేర్లు వ్రాయనక్కరలేదు. వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాము.