ఆటల తెనుగుసేత

2014వ సంవత్సరమున లోక్‌జామ్ అను పేర వీడియోగేముల అనువాదపోటీ యొకటి అంతర్జాతీయముగ నారంభమయ్యెను. మొదటి పోటీకి లూకస్ పోప్ రచించిన ‘ది రిపబ్లియా టైమ్స్’ అను నాటను నిర్ణయించిరి. ప్రభుత్వమునకు లోబడిన పత్రికాసంపాదకుని స్థానమున గూర్చుండి, ఏ వార్తను ప్రకటింపవలెనో, దేనిని విడువవలెనో ఆటగాడు తేల్చుకొనుటయే యందలి విషయము. మాటయే ప్రాణమైన యాట యది. ఆ పోటీభాషలలో తెలుగు లేదు.

పిలుపు రాలేదని యూరకుండుట తగునా? పోటీ ప్రకటితమైన పిమ్మట మాటలకై వెదకువాడు వెనుకబడుట నిశ్చయము. కావున కడప, కర్నూలు యువకులు నేటినుండియే సిద్ధపడవలెను.

ఈ పని తేలికైనది కాదు. ఆంగ్లవాక్యమున ఆటగాని పేరునకై ఖాళీ విడుతురు. దానికి ‘కు’ చేర్చిన ‘రమకు’ అని సరిపోవును. ‘రాముడుకు’ అని తప్పగును. గెలిచినవాడా, గెలిచినదా యని క్రియయు మారును. కనుక ‘రామునికి బహుమతి’ అనుటకు మారుగ ‘బహుమతి పొందినవారు: రాముడు’ అని వాక్యమునే తిప్పి వ్రాయు నేర్పు కావలెను. నీవు అనవలెనో మీరు అనవలెనో ముందే నిర్ణయించుకొనవలెను. మాట తెరమీది గడిలో నిముడవలెను. వ్రాసినదానిని ఆడి చూచినగాని తప్పులు బయటపడవు.

మాటలకు మనకు కొదువ లేదు. సేద్యపుటాట యొకటి వచ్చినచో మడక, గొర్రు, గుంటక యను పేర్లు మన మెట్టపొలములలోనే యున్నవి. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను పండితులను జేర్చుకొని తాళపత్రములను పరిష్కరింపజేసెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. పరదేశి మన మాటను లోకమునకు జేర్చగా, లోకపు మాటను మన బిడ్డలకు జేర్చుట మనకు సాధ్యము కాదా?

ఆటలకు అనువాదమేల యని పెద్దలు నవ్వవచ్చును. కాని ఆదోనిలోను ప్రొద్దుటూరులోను పిల్లల చేతిలోని ఫోను వారితో నే భాషలో మాటలాడుచున్నదో చూడుడు. పులిజూదము ఆడిన తాతకు ఆటయు తెలుగే, గెలుపును తెలుగే. ఆటనుండి తొలగిన భాష క్రమముగ నోటినుండియు తొలగును.

కర్నూలున రాయలసీమ విశ్వవిద్యాలయము, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయము, బ్రౌను పేర వెలసిన గ్రంథాలయము గలవు. అచ్చటి విద్యార్థులు పదిమంది చొప్పున గూడి, ఉచితముగ లభించు చిన్నయాట నొకదానిని తెనిగించి, పిల్లలచే నాడించి, తప్పులు దిద్దుకొనవలెను. ఊరి పెద్దలు వారికి గణకయంత్రములును, కూర్చుండుటకు చోటును సమకూర్చవలెను. పోటీలో గెలుపు వచ్చినను రాకున్నను, తెలుగు బిడ్డ కొక యాట మిగులును.