ఎదురు నిలిచి అడిగిన స్త్రీలు

తొలినాటి ఇస్లాం చరిత్రలో స్త్రీల ధైర్యం అనగానే చాలామంది నుసైబా బింత్ కఅబ్ పేరు చెబుతారు. క్రీ.శ. 625లో ఉహుద్ యుద్ధంలో ముస్లిం సేన చెదిరిపోయినప్పుడు ప్రవక్త ముహమ్మద్‌కు అడ్డుగా నిలబడి కత్తి దూసిన వీరనారి ఆమె. గొప్ప సాహసమే, కాదనను. కానీ యుద్ధభూమి దగ్గరే ఆగిపోతే ఆ తరం స్త్రీలు చేసిన మరింత కష్టమైన పని మరుగున పడుతుంది. శత్రువుతో తలపడేటప్పుడు వెనక తనవాళ్లుంటారు. తనవాళ్లనే నిలదీయాల్సి వచ్చినప్పుడు ఆడది ఒంటరి.

మదీనాలో ఖౌలా బింత్ సాలబా అనే సామాన్యురాలి సంగతే చూడండి. భర్త కోపంలో ఆమెను తన తల్లి వీపుతో పోల్చాడు. పాత అరబ్బు ఆచారం ప్రకారం ఆ ఒక్క మాటతో కాపురం తెగిపోయేది. దీన్నే జిహార్ అంటారు. ఆమె ప్రవక్త దగ్గరికి వెళ్లారు. అనుకూలమైన జవాబు రాకపోయినా వెనుదిరగలేదు. ఈ వయసులో, పిల్లలతో తన గతేమిటని మళ్లీ మళ్లీ వాదించారని, చివరికి అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారని వ్యాఖ్యాతలు రాశారు. ఖురాన్ 58వ అధ్యాయం మొదలయ్యేది ఆ ఫిర్యాదును దేవుడు విన్నాడన్న మాటతోనే. జిహార్‌ను అది ఖండించింది. ఆ మాట అన్న భర్త తిరిగి కాపురం చేయాలంటే బానిసను విడిపించాలి, లేదా వరుసగా రెండు నెలలు ఉపవాసముండాలి, అదీ చేతకాకపోతే 60 మంది పేదలకు అన్నం పెట్టాలి అంది. ఒక ఇల్లాలి పట్టుదల చట్టాన్నే మార్చింది.

ఇవన్నీ తర్వాతి తరాలు అల్లిన కథలంటారు కొందరు. చరిత్ర గ్రంథాలు, ప్రవక్త మాటలు, చేతలను చెప్పే హదీసు సంకలనాలు చాలావరకు ఆలస్యంగా వచ్చిన మాట నిజమే. యుద్ధ గాథల్లో అతిశయోక్తి చేరి ఉండొచ్చు కూడా. అయితే ఖౌలా పేరు వ్యాఖ్యానాల్లోదే అయినా, భర్త మీద ఒక భార్య చేసిన ఫిర్యాదు ఖురాన్‌లోనే ఉంది. పైగా ఆ గ్రంథకర్తలు దాదాపు అందరూ పురుషులు. 628లో మక్కావాళ్లతో కుదిరిన హుదైబియా ఒప్పందం రుచించక, ప్రవక్త మూడుసార్లు చెప్పినా అనుచరులు బలులివ్వడానికి లేవలేదనీ, ముందు మీరే బలి ఇచ్చి తల గొరిగించుకోండని భార్య ఉమ్మె సలమా సలహా ఇచ్చాకే దారి దొరికిందనీ వాళ్లు పనిగట్టుకుని కల్పించాల్సిన అవసరమేముంది?

ఈ ధైర్యం ప్రవక్త ఇంటివారికే చెల్లిందనడమూ కుదరదు. మక్కాలో చిత్రహింసలకు లొంగక, విశ్వాసం వదలక ప్రాణమిచ్చిన సుమయ్యా బానిస స్త్రీ. ఇక ఆ సమాజంలో సమానత్వం ఉండేదా అంటే, లేదు. బానిసత్వం ఉంది, బహుభార్యత్వం ఉంది. సమానత్వం ఉండేదన్నది నా వాదన కాదు. స్త్రీ నోరు మెదపకపోవడమే సంప్రదాయమన్న మాటకు ఆ సంప్రదాయంలోనే ఆధారం లేదన్నదే నా వాదన.

ప్రవక్త తర్వాతి కాలంలోనూ ఈ తెగువ కనిపిస్తుంది. 692లో మక్కాను గెలిచిన ఉమయ్యద్ సేనాని హజ్జాజ్, ముదుసలి అస్మా బింత్ అబూబకర్ కొడుకు శవాన్ని వేలాడదీసి ఆమెకు కబురంపితే, ఆమె వెళ్లలేదు. అతనే వచ్చాడు. వచ్చినవాణ్ణి ముఖం మీదే దుర్మార్గుడన్నారామె. ఇక మన కాలానికి వస్తే, మన దేశంలో ఒక్క ఊపులో తలాక్ చెప్పి భార్యను విడిచిపెట్టే పద్ధతిని షాయరా బానో సుప్రీంకోర్టులో సవాలు చేసినప్పుడు, మత విషయాల్లో కోర్టుకేం పనని ముస్లిం పర్సనల్ లా బోర్డు వాదించింది. 2017లో ఆమే గెలిచింది. కోర్టు అధికార పరిధి గురించి ఎంతైనా చర్చించవచ్చు. ఒక్క మాటతో తెగిన కాపురం గురించి న్యాయం అడగడం మాత్రం మతానికి కొత్త కాదు. ఖౌలా అడిగిందీ అదే.